తెల్లదోమ వాక్యం

‘వైప్ ఔట్’ అన్న మాట పాఠంలో వస్తే ఇప్పటికీ పిల్లల మొహాలు చూడాలంటే నాకు జంకే.

ఎనభైల్లో, తెల్లదోమ పత్తిని పీల్చి పిప్పి చేసిన ఏడు. గుంటూరులో బీఈడీ చేసి, ఒంగోలు అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా అప్పుడే చేరాను. నా ఇంగ్లీషంటే నాకే మహా మురిపెం. ఆ పూట పదో తరగతికి ‘వైప్ ఔట్’ చెబుతున్నాను. పలక తుడవడం కాదర్రా, ఏమీ మిగలకుండా తుడిచిపెట్టడం అని బల్ల గుద్ది మరీ చెప్పాను.

మొదటి బెంచీ అమ్మాయి లేచింది. మార్చిలో పరీక్ష గట్టెక్కితే వాళ్ల పాలెంలో పది పాసైన మొదటి ఆడపిల్ల అవుతుంది. తప్పకుండా పాసవుతుందని నేను హెడ్మాస్టరు గారి దగ్గర గొప్పగా చెప్పుకున్న పిల్ల.

“సగం పోయినా అట్లా అనొచ్చాండీ?” అని అడిగింది.

అనకూడదన్నాను. అంతా పోతేనే అనాలన్నాను. కాసేపు ఆలోచించుకుంది. తెల్లదోమను ఇంగ్లీషులో ఏమంటారో అడిగి తెలుసుకుని, ‘వైట్ ఫ్లై వైప్డ్ ఔట్ అవర్ కాటన్’ అంది.

గైడులో లేని వాక్యం! నా సంతోషం ఇంతా అంతా కాదు. బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, క్లాసంతటి చేతా మూడుసార్లు అనిపించాను. ఆ పిల్ల తల వంచుకుని గొణుగుతుంటే, తలెత్తి గట్టిగా చెప్పమని గదమాయించాను కూడా. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. పరీక్షల ముందు ఈ నిర్లక్ష్యమేమిటని నాకు ఒళ్లు మండింది. వారం చూసి, నాలుగు చీవాట్లు పెడదామని సైకిలు మీద వాళ్ల ఊరు వెళ్లాను. ఎవరిదో మిరప కల్లంలో తల్లి పక్కన కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కౌలుకు వేసిన పత్తి మొత్తం పోయిందనీ, ఇక పిల్లను బడికి పంపలేమనీ తల్లే చెప్పింది.

అది విన్నాక కూడా నాకు బుద్ధి రాలేదు. పిల్ల మీదే కేకలేశాను.

“ఇంత జరిగితే నాకొక్క మాట చెప్పొద్దా?”

ఎదురు చెప్పే పిల్ల కాదు. నేనేమంటున్నానో నిజంగానే అర్థం కానట్టు చూసింది.

“చెప్పాను కదండీ మాస్టారూ. మీరు బోర్డు మీద రాశారు కూడా.”