అనిరుధ్ గారి అంచనా

హిమబిందు కాపురం తెనాలిలో, ఉద్యోగం బాపట్లలో. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. ఆమెకున్న పిచ్చల్లా టీవీకి తగిలించుకుని ఆడే గేమ్ కన్సోళ్లు. ఆడటం కన్నా, రాబోయే మోడల్లో ఏ చిప్ పెడతారో, మెమరీ ఎంత ఇస్తారో ముందే లెక్కగట్టడం ఇష్టం. రేపల్లెలో లెక్కల మాస్టారు అనిరుధ్‌కీ అదే పిచ్చి. ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఫోన్లో వాదించుకుంటూ యూట్యూబ్‌లో వీడియోలు పెట్టేవారు.

పాత కన్సోల్‌కి మెరుగైన మోడల్ వస్తుందని పుకారు పుట్టాక వాళ్లకి మెమరీ దగ్గర పేచీ వచ్చింది.

“పదహారు జీబీయే ఉంచుతారండి. ఖర్చు పెంచుకోరు,” అనేది హిమబిందు.

“అది కాదండి బిందుగారూ. సిస్టమ్ పనులకి విడిగా చిన్న మెమరీ పెడతారు. అసలుది ఆటలకి వదిలేస్తారు, చూడండి,” అనేవాడు అనిరుధ్.

ఆ వానాకాలం అతనికి డెంగీ జ్వరం వచ్చింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మనిషి తిరిగి రాలేదు.

హిమబిందు ఒక్కతే వీడియోలు చేసింది. ఏదైనా అంకె చెప్పగానే తెలియకుండానే ఆగిపోయేది, అతను అడ్డుకుంటాడని. ఒక్కోసారి కాలేజీకి వెళ్లే రైలు నిడుబ్రోలు దాటుతుంటే చెవి పక్కనే “అది కాదండి” అని వినబడేది. తిరిగి చూస్తే ఎవరో కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని కునుకుతుండేవారు. భర్త మనోజ్‌కి చెబితే, “కొన్నాళ్లు ఆ వీడియోలు మానెయ్యి,” అన్నాడు. మానలేకపోయింది.

కంపెనీ కొత్త మోడల్ వివరాలు ప్రకటించింది. సిస్టమ్ పనులకి విడిగా మెమరీ ఉంది. అనిరుధ్ చెప్పిందే నిజమైంది. ఈ మాట అతని ఇంట్లో చెప్పాలనిపించి ఆదివారం రేపల్లె వెళ్లింది.

గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి తన గొంతే వినబడింది. “ఒప్పుకోనండి, అస్సలు ఒప్పుకోను,” అంటోంది. వెంటనే చనిపోయినవాడి నవ్వు. హిమబిందు గోడ పట్టుకుంది.

వంటింట్లో అనిరుధ్ భార్య శ్రీలక్ష్మి వంకాయలు తరుగుతోంది. పక్కన ఫోన్లో పాత వీడియో నడుస్తోంది.

“రోజూ పెట్టుకుంటానండి. ఒక్క ముక్క అర్థం కాదు. మీరు కాదంటే ఆయన గొంతు పెరుగుద్ది చూడండి, అచ్చం నాతో పోట్లాడినట్టే ఉంటది.”

“ఆయన చెప్పిందే నిజమైందండి. నేనే ఓడిపోయాను.”

సంతోషిస్తుందనుకుంది. శ్రీలక్ష్మి కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది.

“అయితే ఇంక వాదన లేదా?”

మళ్లీ వంకాయ అందుకుంటూ అంది. “జ్వరంలో అరవై నాలుగు, అరవై నాలుగు అని ఒకటే కలవరింత. రక్తంలో ప్లేట్‌లెట్ల లెక్క చెబుతున్నారనుకున్నా. ‘దీని తర్వాత వచ్చేదానికి’ అన్నారు. ఏంటండి అది?”

తరువాతి తరం కన్సోల్‌కి అరవై నాలుగు జీబీ. ఆ స్థితిలోనూ అంచనా కట్టాడు.

“అసాధ్యమండి,” అనేసింది హిమబిందు. “అంత ఇవ్వరు. ముప్పై రెండు దాటదు.”

“ఎందుకివ్వరు?” శ్రీలక్ష్మి లేచి నిలబడింది. “ఆయన ఊరికే అనరు. మొన్నటిది నిజం కాలేదా?”

“వేరండి. ఇది ధర పెంచేస్తుంది.”

“పెంచితే పెంచుతారు!”

బయట ఎండ వాలేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. పొయ్యి మీద ఎసరు ఇగిరిపోయింది. ఫోన్లో వీడియో ఎప్పుడో అయిపోయినా ఎవరూ చూసుకోలేదు.

తరువాతి వీడియోలో హిమబిందు రెండు అంకెలూ చెప్పింది, అనిరుధ్‌ది అరవై నాలుగు, తనది ముప్పై రెండు. ఆయనది ఎందుకు కుదరదో వివరించి, అలవాటుగా ఆగింది. హెడ్‌ఫోన్స్‌లో ఫ్యాను రొద. ఆ ఖాళీని ఎడిటింగ్‌లో కత్తిరించబోయి వదిలేసింది.

మర్నాడు శ్రీలక్ష్మి ఫోన్ చేసింది.

“చూశానండి. మీరాగిన చోట నేను కూడా ఆగి విన్నాను. ఈసారి ఇంకాస్త గట్టిగా కాదనండి బిందుగారూ.”