కుంకుమ బొట్టు పెట్టించుకున్న టెలిస్కోపు

దసరా మరుసటి రోజు పొద్దున్నే పులివెందుల నుంచి మా అక్క ఫోను. రిటైరైన సైన్సు టీచరు. నలుగురి చందాలతో రెండు గదుల్లో సైన్సు మ్యూజియం నడుపుతోంది. ఆయుధపూజ నాడు బీరువా మొదలు ఫ్యాను దాకా అన్నింటికీ గంధం, కుంకుమ పెట్టి, అదే ఊపులో టెలిస్కోపు అద్దానికీ బొట్టు పెట్టేసిందట. తడిగుడ్డతో తుడిస్తే ఎర్రగా అలుక్కుపోయింది. ఇంకో రోజైతే కడుపుబ్బ నవ్వేవాణ్ని. కానీ ఆ సాయంత్రమే లింగాల నుంచి రెహానా వాళ్ల నాయనమ్మ వస్తోంది. పదో తరగతి చదివే రెహానా సెలవు రోజుల్లో ఈ మ్యూజియంలోనే పిల్లలకు చందమామను చూపిస్తుంది. పది అయ్యాక కడప హాస్టల్లో ఉండి సైన్సు చదవాలని దాని ఆశ. తండ్రి కువైట్‌లో, ఇంట్లో మాట నాయనమ్మది. ఆమె ససేమిరా అంది. చివరికి ఆ యంత్రంలో ఏముందో తానే చూసి చెబుతానంది.

నాది ప్రొద్దుటూరులో కళ్లద్దాల అంగడి. అద్దాలు తుడిచే మందు, దూది సంచిలో వేసుకుని తొమ్మిదికి జమ్మలమడుగు బస్సెక్కాను. చుట్టుదారే గానీ, విరిగిన టెలిస్కోపు స్టాండు అతికించడానికి ఇచ్చి, అక్కడ వెల్డింగ్ అంగట్లో ఉంది. అతికించిన మస్తాన్ మామ కూలి తీసుకోలేదు. "పిల్లోల్లకు సందమామను సూపిచ్చేదానికి దుడ్లేందప్పా?" అని నన్నే కసిరినాడు. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని, ముద్దనూరు మీదుగా మధ్యాహ్నానికి పులివెందుల చేరాను. తిండితో కలిపినా ఖర్చు పెద్దగా కాలేదు.

నవ్వితే అన్నం పెట్టనని అక్క గుమ్మంలోనే చెప్పేసింది. దుమ్ము ఊదేసి, దూదితో నడుమ నుంచి అంచుకు మెల్లగా తుడిచాను. ఎరుపు పోయింది గానీ సన్నటి గీతలు మిగిలాయి. చందమామ తేటగా కనబడుతుందో లేదోనని అద్దాన్ని వెలుతురుకు తిప్పి మళ్లీ మళ్లీ చూశాను.

చీకటి పడ్డాక మిద్దె మీద రెహానా టెలిస్కోపును తిప్పి సరిచేసింది. ప్రతి రంజాన్‌కూ నెలవంకను చూసే తనకు చందమామ కొత్తా అంటూనే పెద్దామె కన్ను ఆనించింది. ఎంతకీ తీయదు. వెనక పిల్లలు గొణుగుతున్నారు.

"ఈ గుంతలన్నీ ఏందే?"

రాళ్లొచ్చి పడితే అయ్యాయని, అక్కడ గాలీ వానా లేవు కాబట్టి పూడకుండా ఉన్నాయని రెహానా తడబడకుండా చెప్పుకుపోయింది. పెద్దామె చందమామను వదిలేసి మనవరాలినే చూస్తూ నిలబడింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"కడపలో ఆ హాస్టలు యాడుందమ్మా? వార్డెను ఆడమనిషేనా?"

అక్క రెహానాను దగ్గరికి లాక్కుంది. నేనే జవాబు చెప్పాను.

ఇలాంటి మ్యూజియాలకు చందా ఇవ్వండి, పాత భూతద్దం ఉన్నా ఇవ్వండి. వాటి మేలు నేను కళ్లారా చూశాను, కడుపు నిండింది. మీరు పోదలచుకుంటే పౌర్ణమికి నాలుగైదు రోజుల ముందు, సాయంత్రం పోండి. గుంతలు బాగా కనబడతాయి. పిల్లలతో పాటు, ఇంట్లో సరే అనాల్సిన మనిషిని కూడా తీసుకుపోండి.