ఆమె పెట్టుకున్న తాళం

మా ఇంట్లో టీవీకి గోషా ఉంది. ఈ మాట నాది కాదు, నా బావమరిదిది. "మా బావ టీవీకి ఇంటర్నెట్ సూపించడు. పరాయోళ్ళు సూసేత్తారంట," అని వాళ్ళ ఊరు పద్మనాభంలో చుట్టాలందరికీ చెప్పి నవ్వించేవాడు. నవ్వుకోనివ్వండి. మనం ఏం చూస్తున్నామో, ఏం కొంటున్నామో ఎవడో దూరాన కూర్చుని రాసుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

గాజువాకలో మేడ మీద వాటా మాది. వైఫై పెట్టెలో కంపెనీవాడు పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేసి నాకు నచ్చినది ఎక్కించుకున్నాను. ప్రకటనలు ఇంట్లోకి రాకుండా ఆపడానికి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి కిటికీ పక్కన పెట్టాను. సముద్రపు గాలికి దాని పిన్నులు తుప్పు పట్టేవి, నేను గీకి మళ్ళీ తగిలించేవాణ్ణి. ఎవరైనా విప్పి చదువుకోగలిగే సాఫ్ట్‌వేర్ తప్ప ఇంట్లో అడుగు పెట్టకూడదన్నది నా పంతం. వడ్డించి, వండిన తీరు దాచేవాణ్ణి నమ్మకూడదని అందరికీ చెప్పేవాణ్ణి.

"మరి నా నెత్తళ్ళ పులుసు సంగతేటండీ?" అనేది నా భార్య. "నమ్మకుండానే తింటన్నారా ఇన్నాళ్ళూ?"

ఆ చిన్నచేపల పులుసులో ఏం వేస్తుందో ఎవరికీ చెప్పేది కాదు. నేను బతిమాలగా బతిమాలగా చివరికి ఒప్పుకుంది. వండుతూ ఒక్కొక్క వంట గురించీ తన మాటల్లోనే చెప్పి ఫోనులో రికార్డు చేసేది. అందరూ ఉచితంగా వినేలా వాటిని పెడదామన్నాను. "అన్నీ అయినాక ఇత్తాను, అప్పటిదాకా అడక్కండి," అంది. వంటింట్లోంచి ఆ మాటలు వినిపిస్తుంటే నేను ఇవతల గదిలో కూర్చుని పని చేసుకునేవాణ్ణి. పట్టించుకుని విన్నది లేదు.

ఆ ఫోను సిద్ధం చేసింది నేనే. వేలిముద్ర వద్దన్నాను, నిద్రలో వేలు పట్టుకుని ఎవరైనా తెరిచేస్తారని. పాస్‌వర్డుగా కొన్ని మాటలు వరసగా పెట్టుకోమన్నాను, పాచికలు వేసి, పడ్డ అంకెల ప్రకారం జాబితాలోంచి మాటలు ఏరుకుంటే ఎవరూ ఊహించలేరన్నాను. "పాచికలేటి, జూదగాళ్ళ లాగ. నాకు నా మాటలున్నాయి. మీ తాళం మీది, నా తాళం నాది," అని ఫోను అటు తిప్పుకుని నొక్కుకుంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో. పాఠం ఒంటబట్టింది అనుకున్నాను.

పోయిన వర్షాకాలంలో ఒక ఉదయం చేపలు కడుగుతూ సింకు దగ్గరే కూలబడింది. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఒక్క మాట మిగిలింది: ఏటి. ఆకలికీ ఏటి, కోపానికీ ఏటి, నేను దుప్పటి సర్దితే మెల్లగా అదే ఏటి. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. మేం 'ఏంటి' అనేదాన్ని తను 'ఏటి' అని పలికినప్పుడల్లా నేను ఆవిణ్ణి ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు దాని కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నాను.

మాటలు నేర్పడానికి వచ్చే అమ్మాయి ఒకరోజు అడిగింది. "ఆంటీగారి పాత రికార్డింగులేమైనా ఉన్నాయా సార్? తనకి అలవాటైన మాటలు తన గొంతుతోనే వింటే కాస్త పనికొస్తుందేమో. తొందరగా మొదలెడితే మంచిది."

వెతికాను. మా కుటుంబమంతటి చేతా వారం కాగానే మెసేజీలు వాటంతటవే చెరిగిపోయే యాప్ వాడించింది నేనే. బావమరిది ఫోనులో అక్క గొంతు ఒక్కటి కూడా లేదు. పెళ్ళి వీడియోలో సన్నాయి తప్ప ఏమీ వినపడదు. ఇంట్లో నేను దాచిన బ్యాకప్ కూడా ఆవిడ తాళంతోనే మూసి ఉంది, నేనే అలా పెట్టాను. ఫోను చేతికిస్తే, తెలియని భాషలో రాసిన బస్సు బోర్డును చూసినట్టు ఆ అక్షరాల వైపు చూసింది. ఎడమచేత్తో ఏదో నొక్కబోయి, మానేసి, ఏడ్చింది.

నేను తోచినవన్నీ కొట్టాను. వాళ్ళ ఊరు, వాళ్ళ గేదెల పేర్లు, కూరల పేర్లు. తప్పు కొట్టేకొద్దీ ఆ ఫోను ఎక్కువసేపు ఆపుతుంది. ఆపి ఆపి, ఇక రోజుకొక్కసారి తప్ప కొట్టనివ్వనంది. దొంగలను విసిగించడానికి పెట్టిన ఏర్పాటు అది.

"బావా, బజార్లో ఒకడున్నాడు, ఎలాటి ఫోనైనా ఇప్పేత్తాడంట," అన్నాడు బావమరిది. ఒకప్పుడైతే అలాంటివాడి గడప తొక్కేవాణ్ణి కాదు. ఇద్దరం వెళ్ళాం. అతను చాలాసేపు తంటాలుపడి ఫోను తిరిగిచ్చేశాడు.

"అవదు సార్. ఎవరు సేసేరో గానీ గట్టిగా సేసేరు."

బావమరిది నా వైపు చూడలేదు.

అప్పుడు ఆ పులుసు గుర్తొచ్చింది. ఆ రోజు 'నా మాటలు' అని తను అన్నవి, ఆ పులుసులో వరసగా వేసేవాటి పేర్లే అయ్యుండాలి. నెత్తళ్ళు తెచ్చి, ఆవిణ్ణి వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ చూపించాను. చింతపండు అందుకుంటే "ఏటి" అని గదమాయించింది. మామిడికాయ ఎత్తితే ఊరుకుంది. వెల్లుల్లి ముందు వెయ్యబోతే మళ్ళీ గదమాయింపు. అలా పొయ్యి ముందు ఇద్దరం కుస్తీ పట్టి వండాం. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అదే రుచి. నాకు ఏడుపొచ్చింది. అంతసేపూ ఆవిడ నన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఆ వరసలోనే మాటలు కొట్టాను. తెరుచుకోలేదు. ఆవిడ ఎడమచేత్తో ఫోను నా వైపు నెట్టేసింది. ఆ తరవాత ఎప్పుడిచ్చినా ముట్టుకోలేదు.

మాటలు నేర్పే అమ్మాయి ఇప్పుడు రికార్డింగుల ఊసెత్తడం లేదు. వారానికి ఒకసారి వచ్చి, నోటికి వ్యాయామం చేయించి వెళ్తోంది.

మొన్న భోజనం పెడుతుంటే "ఏటి" అంది, ఉప్పు తక్కువైందని. ఆవిడ చేత ఇంకోసారి అనిపించి నా ఫోనులో రికార్డు చేశాను. నా ఫోనుకి తాళం తీసేశాను. మెసేజీలు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు ఆపి, దాన్ని బావమరిదికి పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు. "ఏటి బావా, ఒక్క మాటేనా?"

"ఒక్కటే ఉంది," అన్నాను. "చెరపకు."