చేతులు మూసిన చొక్కా

బడి యూనిఫాంల కాలంలో దర్జీకి తల ఎత్తే తీరిక ఉండదు. ఆ ఏడు మాత్రం నిమిషానికోసారి ఎత్తేవాడు. మిషను పక్కన, చాప మీద, ఆరేళ్ళ కూతురు ఉండేది.

ఇంట్లో గువ్వ అనేవారు. మాటలు రాలేదు. ఏం కావాలో తెలియజెప్పలేనప్పుడు చెయ్యి కొరుక్కునేది, రక్తం వచ్చేదాకా. ఆపబోతే ఎదుటివాళ్ళ చెయ్యి కొరికేది. పొద్దున అలాంటి పిల్లల బడి, మధ్యాహ్నం నుంచి దుకాణం. తల్లి ఆసుపత్రిలో ఆయా. సాయంత్రం గానీ రాదు.

"మాస్టారూ, మీ దగ్గర కొలతలివ్వాలంటే చేతులకి తొడుగులేసుకుని రావాలండీ," అన్నాడు ఓ రోజు బ్యాంకు గుమస్తా, మణికట్టు రుద్దుకుంటూ. దర్జీ నవ్వాడు. ఆ నవ్వు చాలాసేపు నోట్లో చేదుగా ఉండిపోయింది.

ఆ వారమే గువ్వ బొటనవేలి మొదట్లో పుండు పడింది. దర్జీ మిగిలిన మందపాటి ఖాకీ గుడ్డతో ఓ చొక్కా కుట్టాడు. చేతులు జానెడు పొడుగు. చివర్లు మూసేశాడు. ఒరుసుకోకుండా లోపల మెత్తని నూలు అస్తరు వేశాడు. ఇరవై ఏళ్ళుగా అతని కుట్టుకి వంక పెట్టినవాడు లేడు. కూతురి పుట్టినరోజు గౌను కూడా అతను అంత శ్రద్ధగా కుట్టలేదు.

పుండు మానేదాకా అనుకున్నాడు. పుండు మానింది. చొక్కా తొడగడం అతను మానలేదు. దుకాణం సద్దుమణిగింది. రోజుకి నాలుగు జతలు కుట్టే చోట ఏడు కుడుతున్నాడు. పేచీ పెట్టకుండా చేతులు చాచి తొడిగించుకుంటే, బుద్ధిమంతురాలని మెచ్చుకుని గ్లాసుడు నీళ్ళు తాగించేవాడు.

గువ్వ మధ్యమధ్య మూసిన చేతిని నోటికి ఆనించి అతనివైపు చూసేది. గుడ్డ కొరుకుతోందనుకున్నాడు. చర్మం కంటే గుడ్డ నయం కదా. పొద్దుగూకేసరికి ఆ చివర తడిసి ముద్దయ్యేది. అక్కడ రెండో పొర వేసి కుట్టాడు.

భార్య వచ్చే వేళకి చొక్కా విప్పి, పీలికల సంచి అడుక్కి తోసేవాడు. తోస్తున్నప్పుడల్లా, ఇది దాచాల్సిన పనే అని చేతికి తెలిసేది. అయినా తోశాడు. రెండు నెలలు.

ఓ రోజు బడి టీచరు ఇద్దరినీ పిలిపించింది.

"నీళ్ళు అడగడం మానేసిందండీ. ఏడు నెలలు కూర్చుని నేర్పాను, వేళ్ళు పెదాలకి ఆనించమని. ఇంట్లో చేస్తోందా?"

ఆ సైగ సంగతి భార్య ఎప్పుడో చెప్పింది. అప్పుడు మిషను ఆపకుండా ఊఁ కొట్టాడు దర్జీ.

"తప్పు నాదేనమ్మా," అంది భార్య. "డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. అది అడక్కముందే గ్లాసు నోటికి పెట్టేస్తున్నా."

తడిసిన ఖాకీ గుడ్డ దర్జీ కళ్ళ ముందు ఆడింది. భార్య తనది కాని తప్పు నెత్తిన వేసుకుంటుంటే, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

టీచరు నీళ్ళు తెచ్చి గువ్వకి కాస్త దూరంగా పట్టుకుంది. "ఎలా అడగాలి, తల్లీ?"

గువ్వ గ్లాసుని చూసింది. నాన్నని చూసింది. రెండు చేతులూ తిన్నగా ముందుకి చాచి, వేళ్ళు ముడిచి, కదలకుండా నిలబడింది.

"అరె, ఇదేదో కొత్త సైగ!" టీచరు మొహం విప్పారింది. "ఏం అడుగుతోందమ్మా?"

"ఏమో, ఎత్తుకోమంటోందేమో," అంటూ తల్లి చేతులు చాచింది. గువ్వ రాలేదు.

"నీళ్ళే అడుగుతోంది," అన్నాడు దర్జీ.

తర్వాత చొక్కా సంగతి మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ కూతురి చేతుల్నే చూశాడు. పుండు మాట ఎత్తబోయి మానుకున్నాడు. తన తరఫున చెప్పుకోగలిగింది ఆ ఒక్క మాటే.

ఆసుపత్రిలో రోగులు విప్పుకోలేకుండా వెనక బిగించే అలాంటి చొక్కాలు భార్య చాలాసార్లు ఉతుక్కి వేసింది.

"గుండీలు ముందా, వెనకా?" అంది.

"వెనక."

ఆవిడ గ్లాసు అందుకుని కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చాచిన చేతుల్ని మెల్లిగా కిందికి దించబోయింది. గువ్వ దించనివ్వలేదు. నాన్న చొక్కా తొడిగేదాకా ఆగుతోంది.