సిస్టరమ్మ అడిగిన మాట

తొంభైల చివర్లో గుంటూరు ఆసుపత్రిలో మా నాన్న పక్క మంచం మీద, పత్తి పంట పోయి పురుగుమందు తాగిన దర్శి రైతు ఒకాయన ఉండేవాడు. వారమంతా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ఒకరోజు పొద్దున్నే నవ్వుతూ లేచి తన వాచీ విప్పి నాన్నకిచ్చేశాడు. కోలుకున్నాడని సంబరపడ్డాను.

నర్సు మస్తానమ్మగారు మాత్రం ఆ సంగతి వినగానే మందుల ట్రే పక్కన పెట్టి ఆయన దగ్గర కూర్చున్నారు.

“మళ్ళీ చచ్చిపోవాలనుందా బాబాయ్?”

అలా ఎవరైనా అడుగుతారా అనుకున్నాను.

ఆయన భోరుమన్నాడు. దిండు కింద దాచిన మాత్రలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. వాచీ ఇచ్చేయడం వీడ్కోలని, అడగాల్సింది అదేనని నాకప్పుడు తెలిసింది.

డ్యూటీ దిగేముందు ఆవిడ ఆయన దగ్గర మనిషిని పెట్టి, వాచీ తిరిగి ఆయన చేతికి కట్టారు. “రేపు నేనెన్నింటికొచ్చానో నువ్వే చూసి చెప్పాలి” అన్నారు.

మర్నాడు ఆవిడ వార్డులోకి రాగానే ఆయన కేకేశాడు.

“అయిదు నిమిషాలు లేటు సిస్టరమ్మా!”