మొన్ననే విప్పిన డబ్బా

ఇల్లందులో బొగ్గు లారీలు మలుపు తిరిగే చోట సంసోను బండ్ల షెడ్డు ఉంది. గని డ్యూటీకి పోయేవాళ్ల బండ్లు, అడవి ఊళ్ల నుంచి వచ్చే పాత బండ్లు అక్కడికే వస్తాయి. బ్రేకుల పని అతనంత నిదానంగా ఎవరూ చేయరని పేరు. ఆ పేరు నిజమే. ఒక్క శనివారం తప్ప.

చెల్లెలు అక్సా అతనికన్నా పదకొండేళ్లు చిన్నది. తండ్రి పోయాక చేయి పట్టుకుని బడికి తీసుకుపోయింది అతనే. డిగ్రీ అయ్యాక ఆమెకు మోటోక్రాస్ బండి మీద మనసు పడింది. మట్టి గుట్టలెక్కి, గుంతల మీదుగా ఎగిరి దూకే బండి అది. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసినదాన్ని సంసోను తెచ్చి, మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. మూతబడిన గని పక్కన పోసిన మట్టి కుప్పల మీద ఆమె దాన్ని నడపడం నేర్చుకుంది. తల్లి సంపూర్ణ మాత్రం అటు చూసేది కాదు. ప్రార్థనలో పేరెత్తి దేవునికి అప్పగించి ఊరుకునేది.

ఏన్కూరు దగ్గర కొందరు కుర్రాళ్లు ఎర్రమట్టి నేలలో పోటీ పెట్టారు. రేపు ఆదివారం పోటీ అనగా, ముందు బ్రేకు పట్టు మెత్తబడిందని అక్సా చెప్పింది. బ్రేకు నూనెలోకి గాలి చేరిందని సంసోనుకు హ్యాండిల్ మీది లివర్ నొక్కగానే తెలిసింది. పాత నూనె తీసేసి కొత్తది పోయాలి. ఖమ్మం వెళ్లి దుకాణంలో అడిగితే ఆ బండికి పోయాల్సిన రకం అయిపోయిందన్నారు. సిలికాన్‌ది ఉంది, ఇది ఇంకా ఖరీదైనదని చూపించారు. ఆ రెండూ కలవకూడదు, కలిస్తే బ్రేకు పాడవుతుంది. వద్దని వచ్చేశాడు. షెడ్డులో సరైన రకమే సగం డబ్బా ఉంది. కానీ దాని సీలు విప్పింది పోయిన వానాకాలంలో. మూత విప్పిన బ్రేకు నూనె గాలిలోని చెమ్మను తాగుతుంది. చల్లగా ఉన్నంతసేపూ తేడా తెలియదు. బ్రేకు కాగితే లోపలి నీరు ఆవిరైపోతుంది, లివర్ పట్టు లేకుండా చేతిలోకి వచ్చేస్తుంది. ఈ మాట అతనే ఎందరికో చెప్పాడు.

గాలి తీయడం ఇద్దరి పని. అక్సా లివర్ నొక్కి పట్టుకుంటుంది, అతను కింద చక్రం దగ్గర నట్టు కొంచెం వదులు చేస్తాడు. సన్నటి పైపులోంచి నూనె, బుడగలు బయటికి వస్తాయి. నట్టు బిగించాకే ఆమె వదలాలి.

"పట్టు," అన్నాడు. "ఆ, ఇప్పుడు ఇడువు."

నాలుగైదుసార్లయ్యాక ఆమె డబ్బా వైపు చూసింది. "ఇది ఎప్పటిదన్నా?"

"మొన్ననే విప్పిన."

ఆమె మళ్లీ అడగలేదు. బుడగలు ఆగాయి. లివర్ రాయిలా గట్టిపడింది.

మర్నాడు మూడో చుట్టులో, పొడవైన దిగుడు చివర, అక్సా బండి ఆగలేదు. కట్ట మీదికి ఎగిరి బండితో సహా కిందపడింది. ఖమ్మం దవాఖానాలో కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

ఆడపిల్ల భయపడి బ్రేకు వదిలేసిందని పోటీకి వచ్చినవాళ్లు అనుకున్నారు. ఆ మాట ఇంటిదాకా వచ్చింది. అక్సా కూడా నమ్మింది. "నేనే సరిగ పట్టలేదేమో. దిగుడు చూసి భయమైంది కావచ్చు," అనేది. సంసోను మంచం పక్కన కూర్చుని వినేవాడు. దవాఖానాకు తీసుకుపోయేవాడు, భుజం ఇచ్చి నడిపించేవాడు. నోరు మాత్రం విప్పలేదు. ఇవాళ చెబుదామనుకుంటూనే ఏడు నెలలు గడిపాడు.

ఒక మధ్యాహ్నం తల్లి గోంగూర వలుస్తుండగా అక్సా అంది, "అమ్మా, నాకు మొదటి నుంచీ ధైర్యం లేదేమోనే. ఊకనే అన్నను సతాయించిన."

పక్కనే ఉన్న సంసోను అప్పుడు చెప్పాడు. డబ్బా వానాకాలంది అని. తెలిసే పోశానని. ఒక్కరోజు పోటీయే కదా, ఆగుతుందిలే అనుకున్నానని. పోవద్దంటే ఆమె మొహం చిన్నబోతుందని అబద్ధమాడానని.

సంపూర్ణ చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. అక్సా అతని వైపు తిరిగింది.

"అంటే నేను లివర్ పట్టిన."

"అవ్. పట్టినవ్. నీ తప్పేం లేదు."

"కాలు పోతే పోయిందన్నా. ఆ ఒక్కరోజు నువ్వు తప్పు చేసినవ్ అనుకోని ఊకుంట. ఏడు నెలలు నన్ను నేను పిరికిదాన్ని అనుకున్న. నువ్వు గీడనే కూసోని విన్నవ్."

ఆ వారంలోనే ఆమె ముదిగొండలో ఉన్న చిన్నమ్మ ఇంటికి వెళ్లిపోయింది. సంసోను ఏన్కూరు వెళ్లి, పోటీ పెట్టిన కుర్రాళ్లను పిలిపించి, జరిగిందంతా చెప్పాడు. "మా చెల్లె భయపడలేదు. బ్రేకు నేను చెడగొట్టిన. అందరికీ చెప్పుండ్రి," అన్నాడు. వాళ్లు తలలు దించుకుని విన్నారు. ఆ మాట ఇల్లందుకూ చేరింది. ఎన్నో ఏళ్లుగా వచ్చేవాళ్లు కొందరు బండ్లు వేరే చోటికి తీసుకుపోసాగారు. అతను ఎవరినీ తప్పుపట్టలేదు.

మూడు నెలలు చూసి ముదిగొండ బస్సెక్కాడు. అక్సా ఒక ఎరువుల దుకాణంలో బిల్లులు రాస్తోంది. కొత్త కాలు పెట్టించుకుంది, కర్రతో నడుస్తోంది. అతన్ని చూసి లేచి బయటికి వచ్చింది. చేతికి మంచినీళ్లు ఇచ్చింది.

"ఏన్కూరుల చెప్పినవట కదా, విన్న," అంది.

"నీకు చెప్పాల్సింది ముందే చెప్పలేదు."

"అవ్," అంది. "అమ్మను పంపన్నా. నువ్వు ఇప్పుడప్పుడే రాకు. నిన్ను చూస్తే నాకు మళ్లీ మంచం మీదున్న రోజులే యాదికొస్తున్నయ్."

అతను నీళ్లు తాగి గ్లాసు గడప మీద పెట్టాడు. ఆమె లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది. తర్వాతి రైతు ఏం కావాలో చెబుతుంటే రాసుకుంటోంది. మధ్యలో ఒకసారి తలెత్తి చూస్తుందేమోనని సంసోను ఎండలో కొంతసేపు నిలబడి, తర్వాత బస్సు కోసం నడిచాడు.