ముబీనా పేరు లేని బొమ్మ

2002లో విజయవాడలో జరిగిన ఫోటో ప్రదర్శనలో మొదటి బహుమతి ముబీనా చేసిన బొమ్మకు వచ్చింది. శాలువా మాత్రం స్టూడియో యజమాని దుర్గాప్రసాద్ భుజాన పడింది. ముబీనా చివరి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

వాళ్ల నాన్న తారిక్ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ప్రతి బోర్డు మూలనా ఆయన సంతకం ఉండేది. కూతురు బెంజ్ సర్కిల్ దగ్గర స్టూడియోలో కంప్యూటర్ మీద ఏళ్లతరబడి బొమ్మలు చేసింది. పేరు మాత్రం దుర్గాప్రసాద్‌ది!

బహుమతి వచ్చిన బొమ్మ పోలరాజుది. బందరు వైపు మనిషి, వేటకెళ్లి సముద్రంలో పోయాడు. మిగిలింది రేషన్ కార్డు మీద గోరంత మొహం. అది పట్టుకుని భార్య గంగారత్నం వచ్చింది. పోయిన మగవాళ్ల తలను, కంప్యూటర్‌లో సిద్ధంగా ఉన్న కోటూ టై వేసిన ఒంటి మీద అతికించడం స్టూడియోల రివాజు.

“కోటేంటమ్మా! ఆయన ఒంటి మీద చొక్కాయే నిలిచేది కాదు. దొరలాగుంటే మా పిల్లలు దణ్ణం పెడతారా, సెల్యూట్ కొడతారా?” అంది గంగారత్నం.

ముబీనా ఆయన వల తెప్పించి స్కానర్ అద్దం మీద పరిచింది. ఆ వలనే బొమ్మలో ఆకాశమంతా కప్పి, చెదిరిన కళ్లూ ముక్కూ ఓపిగ్గా దిద్ది, పోలరాజును దాని ముందు నిలబెట్టింది. “ఇది స్టూడియోనా, చేపల మార్కెట్టా?” అని ముక్కు మూసుకున్న పెద్దమనిషే తర్వాత శాలువా కప్పించుకున్నాడు.

బహుమతి తర్వాత, అత్తగారింటికి ఇంకో కాపీ కావాలని గంగారత్నం మళ్లీ వచ్చింది. అప్పుడు ముబీనా నోరు విప్పింది.

“సార్, దీని మీదన్నా మూలన నా పేరు వేసుకుంటానండీ.”

“నువ్వేం చేశావమ్మా? చేసింది కంప్యూటర్. అయినా నీ పేరుంటే, దండ వేసే ఫోటో ఎవరు పట్టుకెళ్తారు?” అన్నాడు దుర్గాప్రసాద్.

గంగారత్నం ఊరుకోలేదు. “ఏవండోయ్, మా పడవ ఇంజను బాగుచేసేది సుభాని. సముద్రమేమన్నా వద్దందా? ఆ పిల్ల పేరుంటేనే నేను తీసుకుంటా.”

ముబీనా తన పేరు టైపు చేసి, ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టింది. “రేపట్నించి రావద్దు” అన్నాడు యజమాని. ముబీనా వెళ్లిపోయింది.

బహుమతి పత్రం మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది. కంప్యూటర్ చేసిందట! కుంచె దానంతటదే బొమ్మ గీసిందని ఎప్పుడైనా విన్నామా?

ఈసారి స్టూడియోకి వెళ్తే కౌంటర్ దగ్గరే ఆగిపోకండి. లోపల కంప్యూటర్ ముందు కూర్చున్నదెవరో అడగండి. మీ ఫోటో మీద వాళ్ల పేరు వేయించండి. కుదరదంటే, ఆ ఫోటో అక్కడే వదిలేసి రండి.